లెక్కకు రాని పట్టు

ఆట చూడవచ్చినవాళ్ళు కూతకు వెళ్ళేవాణ్ణి చూస్తారు, పట్టేవాళ్ళను చూస్తారు, పేచీ వస్తే రిఫరీని కూడా చూస్తారు. గీత పక్కన కూచుని లెక్క రాసేవాణ్ణి మాత్రం ఎవరూ చూడరు. నేను చిన్నతనంలో అలాటి లెక్కగాణ్ణి. పల్నాటి పల్లెలో చెడుగుడు ఆటకు లెక్క రాశాను. ఆ తరవాత ముప్ఫైయేళ్ళకు పైగా నరసరావుపేట చుట్టుపట్ల బడుల్లో లెక్కల పాఠాలు చెప్పాను. అంకె అబద్ధమాడదని పిల్లలకు బోధించిన పంతుళ్ళలో నేనూ వొకణ్ణి. ఆ మాట నిజమే. అయితే అంకె వేసేవాడు దేనికి అంకె వేస్తాడు, దేన్ని వొదిలేస్తాడు అన్న సంగతి అంకెలో కనిపించదు. ఆ వొదిలేసిన దాన్ని గురించే ఈ నాలుగు మాటలూ.

2023 అక్టోబరు 7న చైనాలోని హాంగ్‌జౌ నగరంలో ఆసియా క్రీడల పురుషుల కబడ్డీ తుది పోటీ జరిగింది. వొక పక్క భారత జట్టు, రెండో పక్క ఇరాన్ జట్టు. రిటైరయిన పంతుళ్ళం నలుగురం మా ఇంట్లో టీవీ ముందు కూచుని చూశాం. ఆట ముగియవచ్చే వేళకు ఇద్దరికీ 28 చొప్పున పాయింట్లున్నాయి. భారత నాయకుడు పవన్ సెహ్రావత్ కూతకు వెళ్ళి, ఎవరినీ తాకకుండానే బరికి పక్కనుండే లాబీలో అడుగు పెట్టాడు. అలా పెడితే కూతగాడు అవుటు. అంతవరకూ పేచీ లేదు. అయితే అతన్ని తరుముతూ ఇరాన్ ఆటగాళ్ళు కూడా లాబీలోకి వచ్చారు. పాత నిబంధన ప్రకారం వాళ్ళూ అవుటే, వాళ్ళందరి పాయింట్లూ భారత జట్టువే. కొత్త నిబంధన ప్రకారం కూతగాడు వొక్కడే అవుటు, ఇరాన్‌కు వొక పాయింటు, అంతటితో సరి. ఏ పుస్తకం తెరవాలో తేలక ఆట గంటసేపు ఆగిపోయింది. ఆటగాళ్ళు బరిలోనే కూచుండిపోయారు. చివరకు పాత లెక్కే నిలిచి భారత జట్టు 33-29తో గెలిచింది.

మిత్రులు మిఠాయి తెప్పించారు. నేనూ తిన్నాను. కాని ఆ గంటసేపూ నా మనసు హాంగ్‌జౌలో లేదు. అక్కడ పరుగెత్తినవాళ్ళ కాళ్ళు అవే, వాళ్ళ శ్రమ అదే, చెమట అదే. లెక్క వేసే సూత్రం మారితే బంగారు పతకం వొక దేశం నుంచి మరో దేశానికి పోతుంది. పల్నాటివాడికి ఇది కొత్త సంగతి కాదు. మా చరిత్ర అంతా వొక పందెం లెక్క మీదే నడిచింది. నాయకురాలు నాగమ్మ కోడితో పందెంలో బ్రహ్మనాయుడి కోడి ఓడిందని, అందుకు మాచర్లవాళ్ళు ఏడేళ్ళు వలస పోవలసివచ్చిందని వీరగాథ చెబుతుంది. పందెం సవ్యంగా జరిగిందా, మోసం జరిగిందా అన్నదే యుద్ధానికి బీజం. కారెంపూడి వీరారాధన ఉత్సవాల్లో కోడిపోరుకు వొక రోజు ప్రత్యేకించి వుంది. ఆటలో గెలుపోటములు ఎవరు తేల్చారన్న ప్రశ్న చిన్నదేమీ కాదని మావాళ్ళకు ఎప్పుడో తెలుసు.

ఇక మా ఊరి చెడుగుడు సంగతి. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాలవలకు నీళ్ళు వదిలారు. నేను చెప్పబోయేది ఆ నీళ్ళు వచ్చిన తొలి సంవత్సరాల మాట. సంక్రాంతి వేళ, పొలం పని కాస్త తెరిపి ఇచ్చినప్పుడు, ఊరి చివర బీట్లో బరి గీసేవాళ్ళు. జట్టుకు ఏడుగురు. కూత ఆగకుండా వెళ్ళి తాకి వస్తే తాకబడ్డవాడు చచ్చినట్టు, పట్టుబడితే కూతగాడు చచ్చినట్టు. చచ్చినవాడు గట్టు మీద కూచోవాలి. ఆ జట్టులో ఆఖరివాడు చచ్చేదాకా అతనికి మళ్ళీ బరి లేదు. ఏడుగురూ చస్తే వొక ఆట అయినట్టు. నా పని ఆటకు వొక గీత చొప్పున బడిగోడ మీద బొగ్గుతో గీయడం. పాయింటు అన్న మాట మాకు తెలియదు. ఎవడు ఎందరిని తాకాడో ఎవరికీ పట్టేది కాదు. లెక్కకు వచ్చేది వొకటే: జట్టు బతికివుందా, చచ్చిందా?

మేం ఆడినది ఆటల పుస్తకాల్లో గామినీ పద్ధతి అనిపించుకుంటుందని నాకు చాలాకాలం తరవాత తెలిసింది. ఈ ఆటను బెంగాల్లో హాడుడు అన్నారు, మహారాష్ట్రలో హుతుతు అన్నారు, మనం చెడుగుడు అన్నాం. ఇన్ని పేర్లున్న ఆటకు 1923లో అచ్చులో నిబంధనలు వచ్చాయి. ఆ ఏడే బరోడాలో అఖిలభారత పోటీ జరిగింది. 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడల సందర్భంలో అమరావతి నుంచి వెళ్ళిన హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండలివారు ఆడి చూపించారు. 1950లో అఖిలభారత కబడ్డీ సమాఖ్య ఏర్పడింది. 1952లో మద్రాసులో పురుషులకు, 1955లో కలకత్తాలో స్త్రీలకు మొదటి జాతీయ పోటీలు జరిగాయి. అన్ని ఊళ్ళవాళ్ళూ వొక బరిలో ఆడాలంటే అందరికీ వొకే లెక్క వుండాలి గదా!

ఆ లెక్కకు మూడు దారులున్నాయి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మన సమాజాన్నే చూసినట్టుంటుంది. గామినీలో చచ్చినవాడు చచ్చినట్టే, జట్టంతా పడితేనే వొక అంకె. సంజీవనిలో అవతలివాడు వొకడు పడితే మనవాడు వొకడు లేచి బరిలోకి వస్తాడు. పాయింట్లూ వున్నాయి, చావుబతుకులూ వున్నాయి. ఏడుగురూ వొక్కసారి పడితే లోనా అని రెండు పాయింట్లు అదనం. మూడోది అమర్. అందులో అసలు చావు లేదు. తాకబడ్డవాడు బరిలోనే వుంటాడు, అంకె మాత్రం అవతలివాళ్ళ కాగితం మీద పడుతుంది. మొదటి దాంట్లో మనిషే లెక్క. చివరి దాంట్లో మనిషి కదలడు, లెక్కే కదులుతుంది. సమాఖ్య ఎంచుకున్నది నడిమిదాన్ని.

ఈ మార్పును చూసి అయ్యో అనవలసిన పని లేదు. గామినీలో బలహీనుడు మొదటి కూతలోనే చచ్చి పొద్దుగూకేదాకా గట్టు మీద కూచునేవాడు. కండగలవాడిదే రాజ్యం. సంజీవని పద్ధతిలో తోటివాడు సాధించిన పాయింటు చచ్చినవాణ్ణి లేపుతుంది. పాత ఆటలో లేని న్యాయం అది. పల్లె ఆట అంతా స్వచ్ఛమైనదనీ, అచ్చు పుస్తకం వచ్చి దాన్ని చెడగొట్టిందనీ వాదించేవాళ్ళు పల్లెలో ఎన్నడూ గట్టు మీద కూచున్నవాళ్ళు కారు.

నేను తొమ్మిదో తరగతిలో వుండగా మా బడికి సంజీవని నిబంధనల పుస్తకం వచ్చింది. డ్రిల్లు మాస్టారు దాన్ని నాకిచ్చి లెక్క రాయమన్నారు. అధికారిక పద్ధతిలో జట్టు పాయింట్లు రాస్తే చాలు. అంకెల మీద మోజు కొద్దీ నేను అక్కడితో ఆగలేదు. రూళ్ళకర్రతో గళ్ళు గీసి, ప్రతి ఆటగాడి పేరు రాసి, ఎదురుగా రెండు గళ్ళు పెట్టాను: తాకినవి, పట్టినవి. ముందు ఎవడి చెయ్యి పడితే పట్టు వాడి గడిలో. ఎవరూ అడగని పని. ఆ పట్టికను చూసి మాస్టారు నా వీపు తట్టారు. వారం తిరిగేసరికి ఆటగాళ్ళందరూ ఆట కాగానే నా చుట్టూ మూగి తమ అంకె అడగసాగారు. అంతకుముందు అడిగేవాళ్ళు, "మనం గెలిచామా?" అని. ఇప్పుడు అడుగుతున్నారు, "నాకు ఎన్ని?" అని. ఆ తేడా నాకు ఆనాడు తెలియలేదు. నన్ను అడుగుతున్నారన్న గర్వం మాత్రం బాగా తెలిసింది.

మా జట్టులో మాలపల్లె నుంచి వచ్చే కుర్రవాడు వొకడున్నాడు. నా తరగతివాడే. వాడు మూలవాడి చెయ్యి పట్టుకుని గొలుసులో రెండోవాడుగా నిలిచేవాడు. కూతగాడు ఎటు మొగ్గుతాడో వాడి కళ్ళకు ముందే తెలిసేది. సరైన క్షణంలో మూలవాడి అరచేతిలో వేలు నొక్కేవాడు. నొక్కితేనే మూలవాడు దూకి చీలమండ పట్టేవాడు. వెంటనే వీడు అడ్డం పడి నడిగీతకు దారి మూసేవాడు. పట్టు మూలవాడిది. ఎప్పుడు పట్టాలన్న నిర్ణయం వీడిది. నా పట్టికలో నొక్కిన వేలికి గడి లేదు. అడ్డం పడ్డ వొంటికీ గడి లేదు. ఏడాది చివర వాడి పేరుకు ఎదురుగా మూడు పట్లున్నాయి. మోతుబరి కొడుకయిన మూలవాడి పేరుకు ఎదురుగా ముప్ఫైకి పైగా వున్నాయి.

జిల్లా పోటీలకు కుర్రవాళ్ళను ఎంచవలసివచ్చింది. మాస్టారు పక్షపాతి కాదు. పక్షపాతం లేకుండా వుండాలనే నా పట్టిక తెమ్మన్నారు. అంకె ప్రకారం ఎంచారు. పల్లె కుర్రవాడి పేరు లేదు. అన్యాయం జరిగిందని ఎవరూ అనుకోలేదు, కాగితం ఎదురుగా వుంది గదా! మా ఊళ్ళో కులం పేరు చెప్పి వాణ్ణి తప్పించివుంటే కనీసం ఇద్దరు ముగ్గురైనా నోరు విప్పేవాళ్ళేమో. పట్టిక ఆ అవసరం లేకుండా చేసింది.

వాడు నన్ను బరిలో "ఒరే" అనేవాడు, బరి దాటితే "ఏమయ్యా" అనేవాడు. ఆ ఊళ్ళో ఆ గీత అలా వుండేది. ఆ సాయంత్రం బరి బయట నించుని, "ఒరే, నేను నొక్కింది నీ కాగితంలో ఏ గడిలో వుందిరా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. మరుసటి ఏడు వాడు బడి మానేశాడు. నా పట్టిక వల్ల మానాడని అనడం బడాయి. ఇంట్లో తిండి లేక మానాడు, సున్నపురాయి క్వారీలో పనికి పోయాడు. కాని జిల్లాకు ఆడివుంటే ఎవరైనా చేయి పట్టుకుని పై బడిలో చేర్చేవాళ్ళేమో. ఆ "ఏమో"ను వాడికి లేకుండా చేసిన చెయ్యి నాది.

ఇది ఆట మాట మాత్రమే అయితే ఇంత రాయను. మిరపకోతల కాలంలో మా పల్నాటి పొలాల్లో కూలి కొన్నిచోట్ల రోజు లెక్కన, కొన్నిచోట్ల కిలో లెక్కన ఇస్తారు. కిలో లెక్క పెట్టినచోట కాటా మీద పడ్డదే శ్రమ. తాలుకాయలు ఏరిన వేళ్ళకు తూకం లేదు. కోసేవాళ్ళకు నీళ్ళు మోసిన పిల్లకు తూకం లేదు. పక్క సాలులో వెనకబడ్డ ముసలమ్మకు రెండు గుప్పిళ్ళు కోసి ఇచ్చినందుకు తూకం లేకపోగా, ఆ మేరకు తన కూలి తగ్గుతుంది. ఆ లెక్కలో సాయం నష్టంగా పడుతుంది. కాటా అబద్ధమాడటం లేదు. కాటాకు ఎక్కని పనిని యజమాని చూడనక్కరలేదు, అంతే.

2014లో ప్రో కబడ్డీ లీగు మొదలయింది. అందులో తెలుగువాళ్ళ పేరున తెలుగు టైటన్స్ అనే జట్టు కూడా వుంది. టీవీ కోసం ఆట లెక్క మళ్ళీ మారింది. కూతకు 30 సెకన్లే గడువు. వరసగా రెండు కూతలు వట్టివి అయితే మూడో కూతలో పాయింటు తేవలసిందే, లేకుంటే అవుటు. వొక కూతలో మూడు పాయింట్లు తెస్తే దానికో పేరు, వొక ఆటలో పది తెస్తే ఇంకో పేరు, అయిదు పట్లకు మరో పేరు. నేను బడిగోడ పక్కన రూళ్ళకర్రతో గీసిన రెండు గళ్ళూ ఇప్పుడు తెర నిండా వెలుగుతున్నాయి. పట్టుకు వచ్చే పాయింటు అక్కడ కూడా వొకడి పేరునే పడుతుంది.

పల్లెటూరి బీద కుర్రవాళ్ళకు ఈ లీగు బతుకుతెరువు ఇచ్చింది. దాన్ని కాదనడం మూర్ఖత్వం. ఇంకొక మంచి కూడా వుంది. బరిలో ముగ్గురో అంతకన్న తక్కువో మిగిలినప్పుడు కూతగాణ్ణి పడితే వొక పాయింటు అదనంగా ఇస్తారు. తక్కువమంది నిలిచి చేసిన పనికి విలువ ఎక్కువని వొప్పుకున్న సూత్రం అది. అలాటి సూత్రం ఫ్యాక్టరీలో వుంటే ఎంత బాగుండును!

అయితే ఈ అంకెలన్నీ చివరకు చేరేది వేలంపాటకు. 2014లో మొదటి వేలంలో అత్యధిక ధర 12 లక్షల 80 వేలు. 2023 అక్టోబరులో, హాంగ్‌జౌ ఆట ముగిసిన రెండు రోజులకే, పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పాడుకున్నది. అంత ధర అంతకుముందు ఎవరికీ పలకలేదు. అతను ఆ సీజనులో రెండు వందలకు పైగా కూత పాయింట్లు తెచ్చి తన ధరకు న్యాయం చేశాడు. జట్టు 22 ఆటల్లో గెలిచినవి రెండే, పట్టికలో అట్టడుగున నిలిచింది. తప్పు అతనిది కాదు. వొక మనిషి అంకెను కొంటే జట్టు దానంతటదే వస్తుందనుకున్న లెక్కది.

ఇంతవరకూ చదివిన విద్యార్థి మిత్రులు, "అయితే లెక్కలే వద్దా?" అని అడగవచ్చు. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. ఆ అభిప్రాయాన్ని మార్చుకోవడానికి అమెరికావాళ్ళ బేస్‌బాల్ ఆట నాకు సాయపడింది. ప్రపంచంలో అంకెల పిచ్చి బాగా ముదిరిన ఆట అది. అక్కడి లెక్కలు కూడా దేవుడిచ్చినవి కావు. బంతి విసిరేవాడు సరిగా వేయనందుకు కొట్టేవాడికి ఉచితంగా దక్కే నడకను 1887లో, ఆ వొక్క ఏడే, కొట్టిన దెబ్బగా లెక్కించారు. ఆ ఏడు అందరూ మొనగాళ్ళయ్యారు. తరవాత ఆ అంకెలను దిద్దారు. మరో నియమం నాకు మరీ నచ్చింది. తాను అవుటవుతానని తెలిసి కూడా, తోటివాణ్ణి ముందుకు జరపడానికి బంతిని మెల్లగా తట్టేవాడుంటాడు. ఆ ప్రయత్నం అతని సగటును తగ్గించకూడదని అక్కడ 19వ శతాబ్దం చివరి సంవత్సరాల్లోనే నిర్ణయించారు. అంటే లెక్క తలచుకుంటే సాయాన్ని చూడగలదు. మిరపకాటా చూడలేనిది అక్కడి కాగితం చూసింది.

అదే కాగితం నల్లవాళ్ళను చూడలేదు. 1947 ఏప్రిలులో జాకీ రాబిన్సన్ బరిలోకి దిగేదాకా, ఇరవయ్యో శతాబ్దమంతా ఆ దేశపు పెద్ద లీగుల్లో నల్లవారికి చోటు లేదు. వాళ్ళు తమ లీగులు తాము పెట్టుకుని ఆడారు. జోష్ గిబ్సన్ వాళ్ళలో మేటి. రాబిన్సన్ దిగడానికి మూడు నెలల ముందు, 1947 జనవరిలో చనిపోయాడు. అధికారిక చరిత్రలో అతని పేరున వొక్క దెబ్బ కూడా లేదు. ఆడలేదని కాదు, ఆడినదాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 1920 నుంచి 1948 దాకా నడిచిన ఆ నల్లవారి లీగులు కూడా పెద్ద లీగులేనని 2020 డిసెంబరులో వొప్పుకున్నారు. 2024 మేలో ఆ అంకెలను అధికారిక పట్టికలో చేర్చారు. చేర్చగానే, దాదాపు వందేళ్ళుగా మొదటి స్థానంలో వున్న టై కాబ్ సగటు .367 రెండో స్థానానికి దిగింది. జోష్ గిబ్సన్ .372తో పైన నిలిచాడు. చనిపోయిన 77 ఏళ్ళకు.

మనం గమనించవలసింది ఏమంటే, ఆ అంకెలు ఆకాశం నుంచి రాలేదు. ఆ రోజుల్లో నల్లవారి పత్రికలు తమవాళ్ళ ఆటల లెక్కలను వారం వారం అచ్చువేశాయి. గీత పక్కన కూచుని ఎవరో రాశారు. పెద్ద పుస్తకంలో చోటు లేదని తెలిసీ రాశారు. పరిశోధకులు ఆ పాత పత్రికలను తిరగేసి వొక్కొక్క ఆటనూ కూడారు. ఆ లెక్కగాళ్ళు లేకపోతే న్యాయం చేయాలన్న బుద్ధి పుట్టినా చేయడానికి ఆధారం వుండేది కాదు. లెక్క పెట్టడం నేరం కాదు. నేను చేసిన నేరం రెండే గళ్ళు గీసి, ఆట అంతా ఆ రెంటిలోనే వుందని నమ్మడం, ఇతరులను నమ్మించడం. దానికి మందు పెన్సిలు పారేయడం కాదు. మూడో గడి గీయడం, పెన్సిలు ఎవరి చేతిలో వుందో అడుగుతూ వుండడం. మార్కుల పట్టికలు తయారుచేసే నా తోటి పంతుళ్ళకు ఇంతకన్న విడమరిచి చెప్పనక్కరలేదు.

మా పల్లె కుర్రవాడు ఇప్పుడు నాలాగే ముసలివాడు. క్వారీ దుమ్ముకు ఊపిరి చెడింది, వొక కూతకు సరిపడా గాలి కూడా లేదు. అతని మనవరాలు బడిలో కబడ్డీ ఆడుతుంది, గొలుసులో రెండో స్థానమే. రెండేళ్ళ కిందట అతను మా ఇంటికి వచ్చి, "పిల్ల ఆట వొకసారి చూడండి, మాస్టారూ" అన్నాడు. ఈ అండీలు, మాస్టార్లు నేను సంపాదించుకున్నవి కావని నాకు తెలుసు. వెళ్ళాను. కొత్త నోటు పుస్తకం కొన్నాను. ఈసారి అయిదు గళ్ళు గీశాను: తాకినవి, పట్టినవి, నొక్కినవి, అడ్డం పడ్డవి, తోటివాళ్ళను లేపినవి. మొదట్లో నా కళ్ళు అందుకోలేకపోయాయి. యాభై ఏళ్ళుగా చూడనిది వొక్కరోజులో కనిపించదు. పిల్లలకు మాత్రం నచ్చింది. ఆట అయ్యాక, "నేను ఎవర్ని లేపాను తాతా?" అని అడుగుతారు.

మొన్న సంక్రాంతి పోటీలకు ఇద్దరం పక్కపక్కన కూచున్నాం. ఆట కాగానే పుస్తకంలోవి అతనికి చదివి వినిపించాను. మనవరాలి పేరున నొక్కినవి తొమ్మిది అన్నాను. అతను కళ్ళు మూసుకుని, ఆటంతా మళ్ళీ చూస్తున్నట్టు, వేళ్ళు మడిచి లెక్క పెట్టుకున్నాడు.

"పదకొండు. రెండు వొదిలేశావురా" అన్నాడు.

పెన్సిలు తీసి దిద్దుకున్నాను.